ప్రైమర్ ఇరుక్కుంటే ప్రెస్ లోపల ఏం జరుగుతుంది? గట్టిగా ఎందుకు నెట్టకూడదు?

పోయిన ఆదివారం పొద్దున ఏడింటికి మా మేనల్లుడు టెక్సస్ నుంచి వీడియో కాల్ చేశాడు. వాడికి అది శనివారం రాత్రి. గరాజ్‌లో బల్లకు బిగించిన ప్రెస్ ముందు, అంటే తూటాలు తయారు చేసుకునే యంత్రం ముందు నిలబడి ఉన్నాడు, ఒక చెయ్యి దాని హ్యాండిల్ మీదే ఉంది. "మామా, ఇది ముందుకు పోవట్లేదు. ఇంకాస్త గట్టిగా నెట్టనా?" అన్నాడు. అందులో ఏం ఇరుక్కుంటుందో అప్పటికి నాకు తెలుసు కాబట్టి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "చెయ్యి తీసెయ్ నాయనా, ముందు చెయ్యి తియ్."

నేను ఇక్కడ తిరుపతిలో చాలా ఏళ్లు మెషీన్ షాపులో పిల్లలకు పని నేర్పినవాణ్ణి. ఏదైనా ఇరుక్కుంటే ఇంకొంచెం బలం పెట్టడం మనిషి చేతికి ఎంత అలవాటో నాకు బాగా తెలుసు. ఆరోజు వాడి కాల్ అయ్యాక మా ఇంట్లోనూ, వాడి స్నేహితుల గ్రూపులోనూ బోలెడు ప్రశ్నలు. ఇంట్లో కూర్చుని తూటాలు తయారు చేసుకోవచ్చా? ప్రైమర్ అనే ఆ చిన్న బిళ్ళ పేలితే ఏమవుతుంది? నూనె పోస్తే చచ్చిపోతుందట కదా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తుంటే అందరికీ టెన్షన్ పెరిగింది తప్ప తెలిసిందేమీ లేదు. అందుకే దీన్ని మొదటి నుంచీ రాస్తున్నాను.

రీలోడింగ్ అంటే ఏమిటి

తుపాకీ తూటాలో నాలుగు భాగాలుంటాయి. బయట కనిపించే ఇత్తడి గొట్టం, దాన్ని కేసు అంటారు. దాని మూతిలో బిగించిన బుల్లెట్. లోపల తుపాకీ మందు. అడుగున మధ్యలో చిన్న గుంట, ఆ గుంటలో కూర్చుని తుపాకీ మందుకు నిప్పు అంటించే బిళ్ళే ప్రైమర్. తూటా పేలాక బుల్లెట్ పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ చచ్చిపోతుంది, ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. తూటాలో ఖరీదైన భాగం చాలాసార్లు ఆ గొట్టమే. దాన్ని సైజుకు తెచ్చి, పాత ప్రైమర్ తీసి కొత్తది పెట్టి, మందు కొలిచి పోసి, బుల్లెట్ బిగించడాన్ని రీలోడింగ్ అంటారు. ఈ పనులన్నీ చేసే యంత్రమే రీలోడింగ్ ప్రెస్.

అమెరికాలో సొంత వాడకానికి ఇలా చేసుకోవడానికి ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటేనే కావాలి. అందుకే అక్కడ ఇది మామూలు హాబీ. మన దేశంలో సంగతి పూర్తిగా వేరు, అది చివర్లో చెప్తాను.

ఒక మినహాయింపు ఉంది. షూటింగ్ రేంజ్‌లో పిల్లలు మొదట నేర్చుకునే .22 రిమ్‌ఫైర్ తూటాకు విడిగా ప్రైమర్ ఉండదు, గొట్టం అంచు మడతలోనే ప్రైమర్ మందు ఉంటుంది, కాబట్టి దాన్ని రీలోడ్ చేయరు. మన దగ్గర చాలామంది షూటర్లు మొదలుపెట్టే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కైతే తూటాయే లేదు, గాలి ఒత్తిడితో పోయే పెల్లెట్.

కందిబేడంత బిళ్ళలో ఏముంది

చిన్న సైజు ప్రైమర్ వ్యాసం సుమారు 4.45 మిల్లీమీటర్లు, పెద్దది సుమారు 5.33. అరచేతిలో పెట్టుకుంటే కందిబేడ లాగే ఉంటుంది, కాకపోతే మెరుస్తుంది. దాన్ని తిరగేసి భూతద్దంతో చూస్తే అసలు పని కనిపిస్తుంది. ఒక చిన్న లోహపు గిన్నె, గిన్నె అడుగున పల్చగా అద్దిన మందు, దాని మీద రెండు మూడు కాళ్లున్న చిన్న లోహపు ముక్క. కమ్మరి కొలిమి దగ్గరుండే దాగలి గుర్తుందా? ఆ ముక్క చేసే పని అదే. తుపాకీ పిన్ను బయటి నుంచి గిన్నెను కొడుతుంది, గిన్నె లోపలికి నొక్కుకుంటుంది, మందు గిన్నెకూ దాగలికీ మధ్య నలుగుతుంది, నలిగిన క్షణంలో నిప్పు పుడుతుంది.

దీపావళికి మనం రీలు తుపాకీ పాడైతే రీలును గచ్చు మీద పెట్టి రాయితో కొట్టేవాళ్లం కదా, సూత్రం అదే. బలంలో మాత్రం ఈ బిళ్ళకూ ఆ రీలుకూ పోలిక లేదు.

ఇలాంటి మందులను ప్రైమరీ ఎక్స్‌ప్లోజివ్స్ అంటారు. తుపాకీ మందుకు నిప్పు తగిలితే వేగంగా కాలుతుంది. ఈ మందుకు నిప్పు అక్కర్లేదు, దెబ్బ, రాపిడి, నలుగుడు, వేడి, స్థిర విద్యుత్తు వీటిలో ఏదైనా చాలు, అదీ కాలడం కాదు, ఒక్కసారిగా పేలడం. 1800లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ హోవర్డ్ మెర్క్యురీ ఫల్మినేట్ గురించి బయటపెట్టాడు. 1807లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లండ్ మతగురువు దెబ్బకు పేలే మందుతో తుపాకీ కాల్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. పాత తుపాకీల్లో ముందు చెకుముకి మెరుపు వచ్చేది, దాన్ని చూసి పక్షులు ఎగిరిపోయేవి, ఆయన బాధ అది. మనం చదువుకున్న 1857 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకులు కూడా ఇలా క్యాపు పెట్టి పేల్చేవే. ఇప్పటి ప్రైమర్లలో ఎక్కువగా ఉండేది లెడ్ స్టిఫ్నేట్, అంటే సీసం సమ్మేళనం. ప్రెస్ దగ్గర పని చేసినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదని చెప్పేది అందుకే.

ఒక్కో ప్రైమర్‌లో ఉండే మందు సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాములు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. గట్టిగా పట్టుకునే గొట్టం లేకుండా బయట పేలితే ఆ గిన్నే, దాగలే ముక్కలై ఎగురుతాయి. ఒక్క ప్రైమర్ పేలినా కంటికి ప్రమాదమే, చెవికి కూడా. ప్రెస్ ముందు గాగుల్స్ అన్నది అలంకారం కాదు.

అది ఇరుక్కునే చోట్లు

ప్రెస్‌లు స్థూలంగా రెండు రకాలు. సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒక పనే. చాలామంది అందులో ప్రైమర్‌ను ఒక్కొక్కటిగా చేత్తో పెడతారు. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో గుండ్రటి షెల్ ప్లేట్ మీద నాలుగైదు గొట్టాలు తిరుగుతుంటాయి, హ్యాండిల్ ఒకసారి ఆడిస్తే అన్ని గొట్టాలకూ ఒక్కో పని జరిగిపోతుంది. అందులో ప్రైమర్లను మనం ఒక్కొక్కటిగా పెట్టం. నిలువు ట్యూబులో ఒకదాని మీద ఒకటి, సాధారణంగా 100, పేర్చి ఉంటాయి. అడుగున ఒక స్లైడ్ ఒక్కో ప్రైమర్‌ను అందుకుని గొట్టం కిందికి తెస్తుంది. మా వాడి ప్రెస్‌లో హ్యాండిల్ వెనక్కి వచ్చాక ముందుకు నెడితే ఆ ప్రైమర్ గుంటలో కూర్చుంటుంది.

ఇరుక్కోవడానికి కారణాలు చాలా మామూలువి. ప్రైమర్ పక్కకు పడి అంచు మీద నిలబడటం. తలకిందులుగా రావడం. పాత ప్రైమర్ మసి, చిందిన మందు గింజలు, ఇత్తడి పొడి స్లైడ్ దారిలో చేరడం. ట్యూబు చివర ఉండే ప్లాస్టిక్ మూతి అరిగిపోయి రెండు ప్రైమర్లు ఒకేసారి జారడం. పాత ప్రైమర్ గుంటలోంచి ఊడిరాకపోయినా ఊడిందనుకుని దాని మీదే కొత్తది నెట్టడం.

వీటికంటే ఎక్కువమందిని తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. సైన్యం కోసం చేసిన తూటాల్లో ప్రైమర్ కదలకుండా గుంట అంచును లోపలికి నొక్కి బిగిస్తారు, దాన్ని క్రింప్ అంటారు. ఆ గొట్టాన్ని తెచ్చి, పాత ప్రైమర్ తీసినా క్రింప్ అంచు అలాగే ఉంటుంది. కొత్త ప్రైమర్ ఆ అంచుకు తగిలి ఆగిపోతుంది. చూడ్డానికి మిగతా గొట్టాల్లాగే ఉంటుంది కాబట్టి వందలో ఒకటి ఇలాంటిది కలిసినా కంటికి దొరకదు, చేతికే తెలియాలి. ఆ చేతి సంగతే ఇప్పుడు.

హ్యాండిల్ దాచేసే బలం: ఒక లెక్క

ప్రెస్ హ్యాండిల్ ఒక మీటకర్ర. లెక్క సులువుగా ఉండటానికి అది మన బలాన్ని పది రెట్లు చేస్తుందనుకుందాం. మనం 10 కిలోల బరువంత బలంతో నెట్టాం, అంటే ఒక చిన్న బియ్యం మూటను జరిపేంత. ప్రైమర్ మీద పడేది 100 కిలోలు.

ఇప్పుడు అది పడే చోటు చూడండి. 4.45 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ళ వైశాల్యం సుమారు 0.155 చదరపు సెంటీమీటర్లు. 100ని దానితో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 645 కిలోలు. మన కారు టైరులో గాలి ఒత్తిడి రెండున్నర కూడా ఉండదు. ఇది ప్రైమర్ చదునుగా కూర్చున్నప్పటి లెక్క. అంచు మీద నిలబడి ఇరుక్కుంటే ఆ 100 కిలోలూ ఒక గీతంత చోట పడతాయి. మీటకర్ర చివరి మలుపులో రెట్లు ఇంకా పెరుగుతాయి, పదికి ఆగవు.

ఇంత ఒత్తిడి పడినా పేలకపోవచ్చు, అది కూడా నిజమే. ప్రైమర్ పేలాలంటే మందు వేగంగా నలగాలి, తుపాకీ పిన్ను దెబ్బలాగ. నెమ్మదిగా నొక్కితే చాలాసార్లు గిన్నె ముడుచుకుపోతుంది, అంతే. ఎంతోమంది రీలోడర్లు నలిగిపోయిన ప్రైమర్లను చూసే ఉంటారు, వాళ్లకేమీ కాలేదు. అక్కడే చిక్కు. ఫ్యాక్టరీల్లో ప్రైమర్లను పరీక్షించేటప్పుడు ఉక్కు గుండును రకరకాల ఎత్తుల నుంచి పిన్ను మీదికి వదిలి, ఏ ఎత్తులో అన్నీ పేలతాయి, ఏ ఎత్తులో ఒక్కటీ పేలదు అని చూస్తారు. ఆ రెండు ఎత్తుల మధ్య కొన్ని పేలతాయి, కొన్ని పేలవు. మన చేతిలో ఇరుక్కున్నది ఆ మధ్యలో ఎక్కడుందో చెప్పే మార్గం లేదు. పైగా నెమ్మదిగా నొక్కుతున్నామనే అనుకుంటాం, ఇరుకు ఒక్కసారి వదిలిందంటే హ్యాండిల్ దూకుతుంది, ఆ దూకుడే దెబ్బ.

అసలు భయం వెనక ఉన్న వాటితో

ప్రైమర్లు అమ్మే పెట్టె మీద 1.4ఎస్ అని ఉంటుంది. పేలుడు పదార్థాల రవాణా వర్గీకరణలో అది చాలా తక్కువ ప్రమాదం ఉన్న వర్గం. లోపల ఒకటి పేలినా దాని ప్రభావం దాదాపు ఆ ప్యాకింగ్‌లోనే ఆగిపోతుందని అర్థం. దాన్ని చూసి, ఏం కాదులే అనుకునేవాళ్లున్నారు. ఆ గుర్తు దక్కింది ప్రైమర్‌తో పాటు ప్యాకింగ్‌కు. ట్రేలో ఒక్కో ప్రైమర్ తన గుంటలో, పక్కదానికి తగలకుండా ఉంటుంది. కొన్ని కంపెనీల ట్రేలు మరీ పెద్దవిగా ఉండేది కూడా ప్రైమర్ల మధ్య దూరం పెంచడానికే.

అవే 100 ప్రైమర్లను ట్యూబులోకి ఎక్కించగానే ఆ దూరం పోయింది. ఒకదాని దాగలి మీద ఇంకొకదాని గిన్నె. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో జనాన్ని ఒకే పొడవాటి లైనులో నిలబెట్టకుండా కంపార్ట్‌మెంట్లుగా ఎందుకు కూర్చోబెడతారో లోపలికి వెళ్లిన ప్రతివాళ్లకూ తెలుసు. ముందు గేటు దగ్గర ఆగితే వెనకున్న ఒత్తిడి ముందుకు రాకూడదు. ట్రే అంటే కంపార్ట్‌మెంట్లు, ట్యూబు అంటే ఒకే లైను. అడుగున ఒకటి పేలితే పైదాన్ని పేల్చగలదు, అది ఆ పైదాన్ని. 25 మిల్లీగ్రాముల చొప్పున 100 అంటే 2.5 గ్రాముల ప్రైమరీ ఎక్స్‌ప్లోజివ్, మన ముఖానికి అడుగు దూరంలో. అందుకే కొన్ని ప్రోగ్రెసివ్ ప్రెస్‌ల ట్యూబు చుట్టూ మందపాటి లోహపు గొట్టం తొడుగుతారు, పేలితే పక్కలకు రాకుండా పైకి పోవాలని. ప్రైమర్లను ఒరిజినల్ ప్యాకింగ్ తీసి సీసాలో పోసి పెట్టొద్దని తయారీదారులు అంత గట్టిగా చెప్పేది కూడా ఇందుకే.

మా వాడి ప్రెస్ తెరిచాక

ఫోను ఒక డబ్బాకు ఆనించి పెట్టాడు, నేను చూస్తూనే ఉన్నాను. గాగుల్స్ పెట్టుకున్నాడు, చెవులకు మఫ్‌లు పెట్టుకున్నాడు. ముందు ఇరుక్కున్నదాని జోలికి పోలేదు. మందు డబ్బా ప్రెస్ మీద నుంచి తీసి, మూత బిగించి, పక్క గదిలో పెట్టాడు. తర్వాత ట్యూబు. ముఖం పక్కకు పెట్టి మెల్లగా విప్పి, అందులో మిగిలిన అరవై చిల్లర ప్రైమర్లను ట్రేలోకి వంచి, అదీ పక్క గదికే. ఇంత చేసేసరికి ప్రెస్‌లో మిగిలింది ఒక్క ప్రైమర్. ప్రమాదం పోలేదు కానీ, వందలోంచి ఒకటికి దిగింది.

ఆ తర్వాత షెల్ ప్లేట్ మీది గొట్టాలను తీయగలిగినవి తీశాడు, ప్లేట్ బోల్టు విప్పాడు, ప్లేట్ పైకి వచ్చింది. ఫోను దగ్గరకు తెచ్చి చూపించాడు. ప్రైమర్ సగం గుంటలోకి, సగం బయట, పక్కకు ఒరిగి ఉంది. గిన్నె అంచు ఒకవైపు నెలవంకలా నొక్కుకుపోయింది. ఆ గొట్టం గుంట చుట్టూ సన్నటి గీత, అదే క్రింప్. ఎక్కడో రేంజ్‌లో ఏరుకొచ్చిన సైన్యం గొట్టం ఒకటి అందులో కలిసింది. అడుగున స్లైడ్ దారిలో కొద్దిగా ఇత్తడి పొడి కూడా ఉంది.

ఇక్కడ వాడు స్క్రూడ్రైవర్ అందుకోబోయాడు. నేను వద్దన్నాను. ఉక్కు మొన, గుచ్చడం, మీటడం, ఈ మూడూ ప్రైమర్‌కు పిన్ను లాంటివే. సుత్తి, డ్రిల్లు, వేడి సంగతి చెప్పనే అక్కర్లేదు. గొట్టాన్ని పక్కకు జరిపితే ప్రైమర్‌తో సహా వచ్చేసింది, మిగిలిన పొడిని వెదురు పుల్లతో, మెత్తటి బ్రష్‌తో తీశాడు. వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టలేదు, ఎందుకంటే ఒక్క ప్రైమర్ అందులోకి పోయినా లోపలి ఫ్యాను రెక్కే పిన్ను అవుతుంది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. నెట్టేసి ఉంటే రెండు సెకన్ల పని, ఎటు తిరిగేదో తెలియని రెండు సెకన్లు.

అనుభవజ్ఞులే ఒప్పుకోని మూడు సంగతులు

మొదటిది, తప్పుగా కూర్చున్న, కానీ పేలని ప్రైమర్‌ను వెనక్కి పొడిచి తీయొచ్చా? తయారీదారుల సూచనల్లో బతికున్న ప్రైమర్‌ను పొడిచి తీయొద్దని ఉంటుంది. మందూ బుల్లెట్టూ లేని ఆ గొట్టాన్ని సరైన తుపాకీలో పెట్టి ప్రైమర్‌ను పేల్చేసి, తర్వాత తీయమంటారు. మరోవైపు, సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో గాగుల్స్ పెట్టుకుని, మెల్లగా నొక్కి వందల ప్రైమర్లు తీశాం, ఒక్కటీ పేలలేదు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. 2020 తర్వాత అక్కడ ప్రైమర్ల కొరత వచ్చి, వెయ్యి ప్రైమర్లు కొన్నిచోట్ల 100 డాలర్లు దాటినప్పుడు ఈ అలవాటు ఇంకా పెరిగింది. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, లోపలి నుంచి నెమ్మదిగా నొక్కితే పేలే అవకాశం తక్కువే. కంపెనీ మాత్రం లక్షలమంది చేతులను దృష్టిలో పెట్టుకుని చెప్తుంది. ఒక మనిషి వందసార్ల అనుభవానికి తక్కువ అవకాశం కనిపించకుండా పోతుంది, లక్షలమందిలో అది ఎవరో ఒకరి ఇంట్లో కనిపిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలకూ తేడా లేదు: ప్రైమర్లు నిండిన ట్యూబు పక్కన ఉండగా ఆ పని చేయకూడదు.

రెండోది నూనె. నూనె పోస్తే ప్రైమర్ చచ్చిపోతుందని పాతకాలం నుంచీ నమ్మకం. పరీక్షించి చూసినవాళ్లలో కొందరికి నానబెట్టి ఆరబెట్టిన ప్రైమర్లు మళ్లీ పేలాయి. ఇప్పటి ప్రైమర్లకు మందు మీద లక్క పూత ఉంటుంది, నూనె లోపలికి దిగేది ఒక్కోదాంట్లో ఒక్కోలా. కాబట్టి నూనె ప్రైమర్‌ను నమ్మలేనిదిగా చేస్తుంది, చచ్చినదిగా చేస్తుందని చెప్పలేం. మా వాడు ఆ నొక్కుకుపోయిన దాన్ని విడిగా పెట్టి, మర్నాడు రేంజ్ వాళ్లకు ముందే ఫోను చేసి చెప్పి వాళ్లకే అప్పగించాడు.

మూడోది, ట్యూబు మానేసి చేత్తో ఒక్కొక్కటి పెట్టుకోవడమే మేలు కదా అన్నది. చేతి పరికరంలో ప్రైమర్ కూర్చునేటప్పుడు వేలికి తెలుస్తుంది, క్రింప్ తగిలిన క్షణమే చెయ్యి ఆగుతుంది. ప్రోగ్రెసివ్ వాళ్ల మాట వేరు: యంత్రాన్ని శుభ్రంగా పెట్టి, గొట్టాలను ముందే వేరు చేసి, క్రింప్ తీసేస్తే ఇరుక్కోవడమే అరుదు, పైగా ముఖానికీ ట్యూబుకూ మధ్య తొడుగు ఉంటుంది. నాకు మొదటి మాట దగ్గరగా అనిపిస్తుంది, వేలితో పని నేర్పినవాణ్ణి కాబట్టి కావచ్చు. గంటకు ఐదు వందల తూటాలు కావలసిన పోటీ షూటర్‌కు నా మాట ఎక్కదు.

మన దగ్గర ఇది ఎక్కడ నిలుస్తుంది

చిత్తూరు జిల్లాలో గ్రానైట్ క్వారీల్లో పనిచేసినవాళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు. పేలని తూటా ఉన్న రంధ్రాన్ని అక్కడ మళ్లీ తొలవరు, లోపలున్నదాన్ని లాగరు. ఆగుతారు, జనాన్ని దూరం పంపుతారు, పక్కన దూరం చూసి ఇంకో రంధ్రం వేసి దానితో పేలుస్తారు. ఇక అడవి అంచు పల్లెల్లో పందుల కోసం పెట్టిన నాటు బాంబును కొరికి ఆవుల దవడలు పగిలిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. నిప్పు లేదు, వత్తి లేదు, పంటి నలుగుడు ఒక్కటే.

చట్టం సంగతి. మన ఆయుధాల చట్టం, 1959లో మందుగుండు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా ఒక్కటే లేదు, తూటా భాగాలూ, తూటాలు తయారు చేసే యంత్రాలూ ఉన్నాయి. అంటే ప్రెస్ కూడా. లైసెన్సు లేకుండా తయారు చేస్తే 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్ల జైలు, యావజ్జీవం దాకా పోవచ్చు. తుపాకీ లైసెన్సు ఉంది కదా, తూటాలు నేనే చేసుకుంటానంటే కుదరదు, తయారీకి లైసెన్సు వేరే.

ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, కాల్ పెట్టేసే ముందు మా వాడు అడిగాడు, "మామా, సంక్రాంతికి వస్తున్నా, పాత చిన్న ప్రెస్ ఒకటి ఊరికే ఉంది, నీకు చూపించడానికి తీసుకురానా?" అని. వద్దని చెప్పాను. ప్రైమర్లనైతే అమెరికా విమానాల్లో చేతి సంచిలోనూ, చెక్-ఇన్ లగేజీలోనూ దేంట్లోనూ ఒప్పుకోరు. సంచి మూలన మరిచిపోయిన ఒక్క తూటాతో మన విమానాశ్రయాల్లో దొరికిపోయి కేసుల్లో పడ్డవాళ్లు చాలామంది. తెలియకుండా ఉండిపోయిందని తేలితే ఢిల్లీ హైకోర్టు అలాంటి కేసులు ఎన్నో కొట్టేసింది, కానీ అక్కడిదాకా తిరగాల్సిందే కదా. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగు వేరు, ఊరికి తెచ్చే బ్యాగు వేరుగా పెట్టమన్నాను. వాడి కొడుకు రేంజ్‌లో ఏరుకున్న ఇత్తడి గొట్టంతో కీచైన్ చేసుకున్నాడట. దాన్ని కూడా అక్కడే, వాళ్ల ఫ్రిజ్ మీదే ఉంచి రమ్మన్నాను.